కాండ్రింపు లేని ఇల్లు

గోదావరి పాయల మధ్య ఊళ్ళలో తెల్లవారిందని కోడి చెప్పక్కర్లేదు. కోడికంటే ముందే మగవాళ్ళు చెబుతారు. పళ్ళు తోముకోవడం వరకూ ఎవరి మానాన వాళ్ళు తోముకుంటారు, పెద్దగా చప్పుడుండదు. నాలిక బద్ద చేతికి తీసుకున్నాకే అసలు సంగతి మొదలవుతుంది. కడుపులో పేగులన్నీ బయటికి తీసి, ఓసారి కడిగి, మళ్ళీ లోపల సర్దుకుంటున్నారేమో అనిపించేటంత కాండ్రింపు. ఒకరు ఎత్తుకుంటే పక్కింటాయన అందుకుంటాడు, ఆయన ఆపితే ఎదురింటాయన మొదలెడతాడు. దీన్ని ఎవరూ తప్పు పట్టరు. పైపెచ్చు కాండ్రింపును బట్టే మనిషిని పోల్చుకుంటారు. "ఈవేళ సూరన్నగారి గొంతు కాస్త బొంగురు పోయింది, ఒంట్లో బాగున్నట్టు లేదు" అని పరామర్శకు బయల్దేరిన వాళ్ళు కూడా ఉన్నారు.

అలాంటి కొత్తలంకపేట పట్నంలో ఒక్క ఇంటి పెరట్లో మాత్రం పొద్దున్నే చీమ చిటుక్కుమన్నా వినబడేది. అది మేడిశెట్టి గోవిందరాజులు ఇల్లు. ఆయన మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు.

గొంతు లేక కాదు. మేడిశెట్టి వారికి కాండ్రింపు తాతల నాటి ఆస్తి. పెళ్ళయిన కొత్తలో అత్తారింటి పెరట్లో నూతి దగ్గర నిలబడి, వంశానికి మాట రాకుండా ఆయన కూడా ఒకటి వదిలాడు. కాఫీ గ్లాసు పట్టుకుని వస్తున్న కొత్త పెళ్ళికూతురు అమ్మాజీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, నోటికి కొంగడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"మీరు కోప్పడితే పడతాను. కూరలో ఉప్పు చాల్లేదంటే పడతాను" అంది ఆ రాత్రి. "ఆ కేక మాత్రం పడలేనండి. నాకు కడుపులో దేవేత్తంది. పొద్దున్నే ఓ అరగంట చప్పుడు లేకుండా నాకొదిలెయ్యండి. ఇంకేవీ అడగను."

ఆయన వదిలేశాడు. ఆవిడా ఇంకేమీ అడగలేదు. ఆనాటి నుంచీ ఆయన తలుపేసుకుని, కుళాయి సన్నగా తిప్పుకుని, దొంగలా నాలిక గీసుకునేవాడు. అమ్మాజీ కూడా పళ్ళు తోముకుని, పెరటి మెట్టు మీద కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కరివేపాకు చెట్టు వంక చూస్తూ ఉండేది. ఏం ఆలోచిస్తుందో ఆయన ఎప్పుడూ అడగలేదు. కిటికీలోంచి ఆ ముఖం చూసినప్పుడల్లా, తన జన్మలో తను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే అనిపించేది ఆయనకి. ఆఫీసులో చేసిన పనుల సంగతి ఆయనకి తెలుసు కనక ఆ మాటలో వినయం ఏమీ లేదు.

ఇలా ఉండగా రాజధాని నుంచి 'ఇంటింటా దంతకాంతి' అనే పథకం దిగింది. ప్రజలు ఇళ్ళల్లో పళ్ళు సరిగా తోముకోవడం లేదనీ, వారిచేత తోమించవలసిన బాధ్యత పురపాలక సంఘాలదేననీ, ఎంతమంది తోముకుంటున్నారో నెలనెలా శాతాల్లో తెలపాలనీ దాని సారాంశం. తోముకోవడం ఎలాగో మాత్రం అందులో ఎక్కడా లేదు. శాతం పంపడం ఎలాగో వివరంగా ఉంది.

మొదట మునిసిపల్ సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి "తోముకుంటున్నారా?" అని అడిగారు. ఊరంతా తోముకుంటున్నామంది. నూటికి నూరు శాతం అని పంపారు. "తోముకొనుచున్నామని ప్రజలు చెప్పుట సాక్ష్యం కానేరదు. తోముకొననివాడు సైతం అదే చెప్పును" అని పైనుంచి తిరిగొచ్చింది. సరేనని ఈసారి గుమ్మంలో నిలబెట్టి పళ్ళు చూపించమన్నారు. పండక్కొచ్చిన కొత్తల్లుడెవర్నో వీధిలో నిలబెట్టి ఇకిలించమన్నందుకు, ఆయన అలిగి అటునుంచి అటే బస్సెక్కేశాడు. మామగారు కర్ర పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఆ పద్ధతి కూడా అక్కడితో ఆగింది.

కమిషనరు హయగ్రీవరావు ఊరుకునే మనిషి కాదు. కాలేజీలో తర్కశాస్త్రం చదివినవాడు. అది చదివాక ఎక్కడా వాడుకునే అవకాశం రాక, కత్తి నూరుకుని కూర్చున్నవాడు. ఒకనాడు తెల్లవారుజామున క్వార్టర్సులో పడుకుని ఉండగా, ఊరి అవతలి కొస నుంచి ఒక కాండ్రింపు వచ్చి ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టింది. అది లాంచీ నడిపి రిటైరైన సరంగు తాతబ్బాయిది. నది మీద పొగమంచు పట్టిన రోజుల్లో తాతబ్బాయి గొంతు ఉండగా లాంచీకి హారన్ అక్కర్లేదని చెప్పుకునేవారు. ఊరంతటికీ అలవాటైన గొంతే. కమిషనరు మాత్రం కొత్తగా వచ్చినవాడు కావడంతో అది ఆయనకి ఆకాశవాణిలా వినిపించింది.

ఆ ఉదయమే అత్యవసర సమావేశం పెట్టాడు.

"పర్వతమందు పొగ గలదు. కావున అచట నిప్పు గలదు" అని మొదలెట్టాడు. "నిప్పును చూచుటకు మనం పర్వతం ఎక్కనక్కర్లేదు. పొగ చాలును. అట్లే గృహమందు కాండ్రింపు గలదు. కావున అచట దంతధావనం జరిగినది. పళ్ళు తోముకోకుండా నాలిక గీసుకునేవాడు ఈ ప్రపంచంలో ఎవడైనా ఉన్నాడా?"

సిబ్బంది ఆలోచించారు. టీ వేళ దాటిపోతోంది. "లేడండి" అన్నారు.

"అదియే మన క్షేత్రస్థాయి సాక్ష్యం. గృహంలోకి ప్రవేశించనక్కర్లేదు, పౌరుల గోప్యతకు భంగం లేదు. వీధిలో నిలబడి వినిన చాలును. అయితే కాండ్రింపు అనుట గ్రామ్యం. ఇకపై సదరు చర్యను ప్రాతఃకాల జిహ్వాశుద్ధి ధ్వని అని వ్యవహరించవలెను."

దీపావళికి టపాకాయల చప్పుడు కొలవడానికి ఎప్పుడో పంపిన మీటర్లు బీరువాలో మూలుగుతున్నాయి. వాటిని దులిపి బయటికి తీశారు. వార్డుకొక ధ్వని పర్యవేక్షకుణ్ణి వేశారు. మూడో వార్డుకి గోవిందరాజుల్ని వేశారు. ఆయన ఇల్లు కూడా ఆ వార్డులోనే ఉందన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు, ఆయనకి తప్ప.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే మీటరు పట్టుకుని వీధివీధీ తిరిగాడు గోవిందరాజులు. ముల్లు గీత దాటిన ఇంటికి 'సశబ్ద గృహం' అని ఆకుపచ్చ కాగితం అంటించాలి. దాటని ఇంటికి 'నిశ్శబ్ద గృహం' అని ఎర్ర కాగితం. మొదటివారం జనం ఇదేదో ఓటర్ల సర్వే అనుకున్నారు. రెండోవారంలో కమిషనరుగారి ఉత్తర్వు వచ్చింది: "దంతధావనం చేయని గృహమునకు ప్రాతఃకాల జలము నిరర్థకం. కావున ఎర్ర కాగితం గల గృహముల కుళాయిలను ఉదయం వేళ నిలుపుదల చేయడమైనది."

గోవిందరాజులు ఉండబట్టలేక అడిగాడు. "నీళ్ళాపేత్తే వాళ్ళు పళ్ళెలా తోముకుంటారండి?"

"తోముకొనుచుండిన ఆపెదమా?" అన్నాడు కమిషనరు. ఆ వాక్యంలో తప్పెక్కడుందో గోవిందరాజులు ఇంటికెళ్ళే దాకా వెతికాడు, దొరకలేదు.

కుళాయి దాకా వచ్చేసరికి ఊరు మేలుకుంది. మెల్లగా గీసుకునేవాళ్ళు గట్టిగా గీసుకోవడం మొదలెట్టారు. గట్టిగా గీసుకునేవాళ్ళు వీధి అరుగు మీదికి వచ్చి గీసుకున్నారు. ఒకాయన నీళ్ళట్యాంకు మీదికెక్కి గీసుకున్నాడు. గొంతు పోయినవాళ్ళకి మిరియాల కషాయం అమ్మే బండి కూడా వెలిసింది. ఆడవాళ్ళే ఉన్న ఇళ్ళన్నింటికీ ఎర్ర కాగితాలు పడ్డాయి, పట్నంలో స్త్రీలకు దంతధ్యాస బొత్తిగా లేదని ఆఫీసు నిర్ధారించింది. వెంటనే కల్యాణమండపంలో మహిళలకు శిక్షణా శిబిరం పెట్టి, తాతబ్బాయిని శిక్షకుడిగా పిలిచారు. శాలువా కప్పి 'ధ్వని రాయబారి' అని బిరుదిచ్చారు. తాతబ్బాయి శాలువా సర్దుకుని, "బొడ్డు కాణ్ణించి రావాలమ్మా. గొంతులోంచి వత్తే అది దగ్గు" అని ఒక్కటి చేసి చూపించాడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ఆ నవ్వుకే మీటరు ముల్లు గీత దాటిపోవడంతో అందరూ ఉత్తీర్ణులైనట్టు ప్రకటించారు.

ఒక ఇంట్లో చిలక నేర్చుకుంది. ఇంకో ఇంట్లో దూడని కాసేపు గేదెకి దూరంగా కట్టేసేవారు, గేదె అరిచిన అరుపు లెక్కలోకి వచ్చేది. అదీ ఇదీ లేనివాళ్ళు తాతబ్బాయిని బతిమాలేవారు. "బాబ్బాబు, మా పెరట్లో ఓ కాండ్రింపు" అంటే ఆయన కాదనేవాడు కాదు. ఒక ఇంట్లో ఇడ్లీ, ఒక ఇంట్లో పెసరట్టు, ఒక ఇంట్లో ఉప్మా. వీధి చివరికొచ్చేసరికి సరంగు గారు త్రేన్చేవాడు. అది కూడా గీత దాటేది.

శాతం పెరుగుతూ వచ్చింది. దానితోపాటు ఇంకోటి కూడా జరుగుతూ వచ్చింది. పొద్దున్నే కాండ్రించేశాక మళ్ళీ పళ్ళు తోముకోవడం దేనికి, అది లెక్కలోకి రాదు కదా అని జనానికి తోచింది. గూట్లో బ్రష్షులు ఎండిపోయాయి. కొట్లో పేస్టు డబ్బాల మీద దుమ్ము పేరుకుంది. లవంగనూనెకి మాత్రం ఎక్కడలేని గిరాకీ వచ్చింది. బుగ్గ వాచి, తలకి తువ్వాలు కట్టుకుని, ఆకుపచ్చ కాగితం అంటించిన గుమ్మంలో కూర్చుని మూలుగుతున్న మనిషి ప్రతి వీధిలోనూ కనబడేవాడు. గోవిందరాజులు మీటరు పట్టుకు వెళితే ఆ మూలుగుని కూడా లెక్కలో వేసుకోమని ఇంట్లోవాళ్ళు అడిగేవారు.

ఒకనాడు తాతబ్బాయితో మాట్లాడుతుండగా ఆయన ఎందుకో పెద్దగా ఆవులించాడు. నోటిని పూర్తిగా కప్పేసే గుబురు మీసం కాస్త పైకి లేచింది. గోవిందరాజులు లోపలికి చూసి నిర్ఘాంతపోయాడు. ఖాళీ. పైన లేవు, కింద లేవు.

"బాబాయ్, నీ పళ్ళేయి?"

"పళ్ళా? అయ్యెక్కడియి అబ్బాయ్" అన్నాడు తాతబ్బాయి ఏమాత్రం నొచ్చుకోకుండా. "మీ పిన్ని పోయిన ఏడే ఆకరిది కూడా ఊడిపోయింది. నాలికొకటి మిగిలింది. ఉన్నదాన్నే గీసుకుంటన్నాను."

పర్వతం మీద పొగ ఉంది, నిప్పు లేదు. గోవిందరాజులు రొప్పుకుంటూ వెళ్ళి కమిషనరుకి విన్నవించాడు. పథకమంతా ఏ కాండ్రింపు మీద నిలబడి ఉందో ఆ కాండ్రింపుకే పళ్ళు లేవని చెప్పాడు. ఇకనైనా ఈ గోల ఆగుతుందని లోలోపల ఆశ పడ్డాడు. ఎందుకంటే ఆ పొద్దున్నే వేరే ఉద్యోగి ఎవరో వచ్చి ఆయన గుమ్మానికే ఎర్ర కాగితం అంటించి పోయాడు.

కమిషనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పళ్ళు లేకపోయినను ఆయన తన కర్తవ్యం విస్మరించలేదు. పళ్ళుండియు ధ్వని లేని గృహములు కొన్ని కలవు. ఉదాహరణకు, పర్యవేక్షకుని గృహం."

తుడిచిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ప్రజలకు ఆదర్శం కావలసిన తమరి గృహమే నిశ్శబ్దంగా ఉండుట శాఖకు తలవంపు. వచ్చేవారం రాష్ట్రస్థాయి పరిశీలక బృందం విచ్చేయుచున్నది. ఆ ఉదయం తమరి ఇంటి నుండి ధ్వని రాని యెడల, కొండల్లో కొత్తగా ఏర్పడిన నగర పంచాయతీలో ఒక ఖాళీ గలదు. అచ్చటికి తమరొక్కరే వెళ్ళవలసి యుండును. కుటుంబ వసతి లేదు."

ఆయన కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. కుళాయి బంద్ అయింది కనక అమ్మాజీ పక్కింటి బోరు దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ కూడబెట్టి కట్టుకున్న ఇల్లు. అబ్బాయి చదువుకని హాస్టల్‌కి వెళ్ళాక ఇద్దరే మిగిలిన ఇల్లు. ఈ ఇంట్లో ఆవిడ ఒక్కతీ, ఎక్కడో కొండల్లో తను ఒక్కడూ.

చెప్పాలో వద్దో అని నసిగి నసిగి, ముందు పక్కదారి పట్టాడు. "తాతబ్బాయి బాబాయ్ గొంతు సెల్లులోకి ఎక్కించుకొచ్చి, బాత్రూంలో పెట్టేత్తే ఎలా ఉంటది?"

"ఎవరి గొంతైతే ఏంటండి. చప్పుడు చప్పుడే కదా" అంది అమ్మాజీ. బిందె దించి ఆయన ముఖంలోకి చూసింది. "అసలు సంగతేటో చెప్పండి."

చెప్పాడు. కొండలూ, కుటుంబ వసతి లేకపోవడమూ, అన్నీ చెప్పాడు. ఆవిడ కరివేపాకు రెబ్బలు దూసుకుంటూ కూర్చుంది.

"ఆరోజు మీరు చేసుకోండి" అంది చివరికి. "నా అరగంట ఒక్కనాడు పోతే ఏవైపోద్ది. మీరు కళ్ళెదురుగా ఉండడం కన్నా ఎక్కువేటండి అది."

కుదరదని ఆవిడ పోట్లాడి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది. ఒప్పుకునేసరికి, ఇచ్చిన ఒక్కగానొక్క వస్తువునీ తిరిగి లాక్కున్నట్టయి, ఆయనకి అన్నం సయించలేదు.

బృందం వచ్చిన ఉదయం మునిసిపల్ ఆఫీసు డాబా మీద షామియానా వేశారు. బృందానికి నాయకురాలు డాక్టర్ వాసంతి అనే పళ్ళ డాక్టరు. రైలు ప్రయాణంలో నిద్ర లేక ఆవిడకి అసలే తలనొప్పిగా ఉంది. కమిషనరు చెయ్యెత్తాడు. కింద సైరన్ మోగింది. కొత్తలంకపేట పట్నమంతా ఒక్క గొంతుతో కాండ్రించింది. నీళ్ళట్యాంకు మీద కాకులు లేచిపోయాయి. గేదెలు పలుపులు తెంచుకున్నాయి. తాతబ్బాయి కోసం ప్రత్యేకంగా మైకు పెట్టారు, ఆయన గొంతుకి షామియానా గుంజ ఒకటి ఒరిగింది. ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది, దాన్ని చూసి సిబ్బంది చప్పట్లు కొట్టారు.

అదే సమయంలో గోవిందరాజులు పెరట్లో నిలబడి నాలిక బద్ద చేతికి తీసుకున్నాడు. అమ్మాజీ మెట్టు మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. ఆయన తండ్రినీ తాతనీ తలుచుకుని, ఊపిరి బిగబట్టి, నోరు తెరిచాడు.

"ఖు" అంది గొంతు. పిల్లి పిల్లకి తుమ్మొచ్చినట్టుంది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే. ఇన్నేళ్ళ అలవాటు తప్పి గొంతు ఆ విద్యని పూర్తిగా మరిచిపోయింది.

అమ్మాజీ ఒక కన్ను తెరిచి, వేళ్ళు తీసింది. "అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇంతేనా? దీనికా వారం నుంచీ భయపడి చత్తన్నాను" అంది. నవ్వాపుకోలేకపోయింది. ఆయనకి మాత్రం కొండలు కళ్ళ ముందు కదిలాయి.

డాబా మీద డాక్టర్ వాసంతి తల రెండు చేతులతో పట్టుకుంది. కమిషనరు గణాంకాలు చదువుతుండగానే మెట్లు దిగి, చప్పుడు ఎటు తక్కువగా ఉంటే అటు నడుచుకుంటూ పోయింది. ఒక వీధి తిరిగింది, ఇంకో వీధి తిరిగింది. చివరికి ఎర్ర కాగితం ఉన్న గుమ్మం ముందు ఆగి, తలుపు తట్టి, "కాసేపు కూర్చోవచ్చా అమ్మా?" అని అడిగింది. ఎవరో తెలియకపోయినా, ఆ ముఖం చూసి అమ్మాజీ ఏమీ అడక్కుండా పెరట్లోకి తీసుకెళ్ళి, మెట్టు మీద తన పక్కన కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చింది. ఇద్దరూ కరివేపాకు చెట్టు చూస్తూ కూర్చున్నారు. గోవిందరాజులు కిటికీ వెనకాల ఊపిరి కూడా తీసుకోలేదు.

కాఫీ అయ్యాక డాక్టరు అడిగింది. "మీ ఇంట్లో ఎవరూ పళ్ళు తోముకోరా?"

"తోముకుంటావండి. చెప్పుకోం, అంతే" అంది అమ్మాజీ.

డాక్టర్ వాసంతి ఫక్కున నవ్వింది. పోతూపోతూ వీధిలో బుగ్గలు వాచినవాళ్ళ నోళ్ళు టార్చిలైటు వేసి చూసుకుంటూ పోయింది. రాజధానికి వెళ్ళి, ఆ ఊళ్ళో చప్పుడు తప్ప శుభ్రం లేదనీ, జనం పళ్ళు పుచ్చిపోతున్నాయనీ, ఉదయాన్నే మెత్తని బ్రష్షుతో నిదానంగా, సడి లేకుండా తోముకోమని ముందు వాళ్ళకి నేర్పాలనీ నివేదిక ఇచ్చింది. అది బల్లలు దాటుకుంటూ, ప్రతి బల్ల దగ్గరా కాస్త కాస్త చిక్కిపోతూ, కొత్తలంకపేట చేరేసరికి అందులో ఒక్క మాట మిగిలింది: సడి లేకుండా.

కమిషనరు అది చదివి రెప్ప కూడా ఆర్పలేదు. మళ్ళీ సమావేశం పెట్టాడు.

"నిండు కుండ తొణకదు" అన్నాడు. "శుభ్రమైన నోరు మోగదు. ఎచట ధ్వని లేదో అచట దంతధావనం పరిపూర్ణంగా జరిగినట్లు. ఈ సూత్రాన్ని మన కార్యాలయం మొదటి నుంచియు నమ్ముచున్నది."

"అవునండి" అన్నారు సిబ్బంది. ఈసారి టీ ముందే వచ్చింది.

ఎర్ర కాగితాలు పీకి ఆకుపచ్చవి, ఆకుపచ్చవి పీకి ఎర్రవి అంటించారు. కాండ్రించిన ఇంటికి కుళాయి బంద్. తాళం వేసి ఉన్న ఇళ్ళకి మొదటి బహుమతులు ప్రకటించారు, పుచ్చుకోవడానికే ఎవరూ రాలేదు. చిలకని పొరుగూరి మేనత్తగారింటికి పంపేశారు. తాతబ్బాయి దగ్గర శాలువా వెనక్కి పుచ్చుకుని నోటీసు ఇచ్చారు. ఆయన పాపం పొద్దున్నే పడవేసుకుని పాయ మధ్యకి వెళ్ళి, అక్కడ ఒక్కటి కాండ్రించి, ఒడ్డుకొచ్చేసేవాడు. జనం చప్పుడవుతుందని నాలిక మానేశారు. చప్పుడవుతుందని పుక్కిలించడం కూడా మానేశారు. పళ్ళు ఎప్పుడో మానేశారు. శాతం నూటికి చేరింది.

గోవిందరాజుల కోసం తయారుచేసి ఉంచిన బదిలీ కాగితం చించేశారు. పదోన్నతికి పేరు పంపారు. ఎర్ర కాగితం ఉండిన గుమ్మం మీద 'ఆదర్శ నిశ్శబ్ద గృహం' అని పెద్ద బోర్డు కొట్టారు. కుళాయి రోజంతా వచ్చింది. కష్టాలు గట్టెక్కాయని ఆయన తలనీలాలు మొక్కుకుందామా అనుకుంటూ ఉండగా, మొదటి వ్యాను వచ్చింది.

ఆ నిశ్శబ్దాన్ని అధ్యయనం చేయడానికి వేరే మునిసిపాలిటీల వాళ్ళు బయల్దేరారు. తెల్లవారేసరికి గేటు ముందు వ్యాను ఆగేది. అందులోంచి బ్యానరూ, మైకూ, టిఫిన్ పొట్లాలూ, పాతిక ముప్పైమంది ఉద్యోగులూ దిగేవారు. సరాసరి పెరట్లోకి వచ్చి మెట్టు చుట్టూ కుర్చీలు వేసుకునేవారు. కరివేపాకు చెట్టుకి స్పీకరు కట్టేవారు.

"మిత్రులారా, ఆలకించండి" అనేవాడు కమిషనరు మైకులో. "ఏమైనా వినబడుచున్నదా? లేదు కదా. ఇదియే ఫలితం."

"అమ్మా, మీరు మమ్మల్ని పట్టించుకోకండి" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు, సెల్లులు ఎత్తి పట్టుకుని. "మీరు ఎప్పట్లాగే మౌనంగా ఉండండి. మేం గమనించుకుంటాం. కొంచెం ఇటు తిరిగి మౌనంగా ఉంటారా?"

అమ్మాజీ కాఫీ చల్లారిపోయేది. రెండ్రోజులు ఓర్చుకుంది. మూడోనాడు వంటింట్లో తలుపేసుకుని తాగబోతే, నిశ్శబ్దం లోపలికి వెళ్ళిపోయిందని వాళ్ళు కిటికీ దగ్గరికి చేరారు. ఆవిడ కళ్ళ కింద నీలి చారలు పడ్డాయి. కూరల్లో నిజంగానే ఉప్పు తప్పింది. గోవిందరాజులు నోరెత్తలేదు, ఎత్తగల గొంతు లేదు కూడా.

నాలుగోనాడు ధైర్యం చేసి కమిషనరు దగ్గరికి వెళ్ళాడు. "మా ఆవిడకి పొద్దున్నే ఓ అరగంట కావాలండి. అదొక్కటీ వదిలెయ్యండి. బోర్డు తీసేసినా పర్లేదండి."

"అది ఎట్లు సాధ్యం?" అన్నాడు కమిషనరు జాలిగా. "తమరి సతీమణి మౌనం ఇప్పుడు వారి స్వంతం కాదు. అది సంస్థ ఆస్తి. రేపు నాలుగు జిల్లాల వారు వచ్చుచున్నారు. ఆమెను కొంచెం మంచి చీర కట్టుకొనమని చెప్పండి."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అయినా చెప్పాడు, దాచడం ఆవిడ దగ్గర ఎప్పుడూ చేతకాలేదు. అమ్మాజీ అంతా విని, "మీరు పడుకోండి" అంది.

మర్నాడు పెరడు చాలక గోడల మీద కూడా కూర్చున్నారు. కమిషనరు మైకు సర్దుకుని, ఇప్పుడు మనం వినబోయేది ఏమీ కాదని ప్రకటించాడు. అందరూ సెల్లులెత్తారు. అమ్మాజీ పాత నేత చీరలోనే బయటికొచ్చింది. చేతిలో కాఫీ లేదు, నాలిక బద్ద ఉంది. మెట్టు మీద నిలబడి, కొంగు బిగించి నడుముకి దోపుకుంది. అంతమందినీ ఒకసారి కలయజూసి, బద్దని నాలిక మీద పెట్టింది.

ఆ కాండ్రింపు బొడ్డు దగ్గర మొదలైంది. ఇన్నాళ్ళూ మింగిన మాటలన్నింటినీ దారిలో ఊడ్చుకుంటూ గొంతులోకి వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, ఊరి మీద పడింది. గోడమీది వాళ్ళు అవతలికి దూకారు. కుర్చీలు బోర్లా పడ్డాయి. కరివేపాకు చెట్టుకి కట్టిన స్పీకరు ఆ చప్పుడుని పట్టుకుని రెండింతలు చేసి వీధిలోకి వదిలింది. పాయ మధ్యన పడవలో ఉన్న తాతబ్బాయి తెడ్డు ఆపి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఇదెవరి గొంతబ్బా అని ఆనందంగా విన్నాడట. అమ్మాజీ నీళ్ళు పుక్కిలించి చెట్టు మొదట్లో ఊసి, రెండోసారి బద్ద ఎత్తింది. రెండోది వినడానికి వ్యాను దగ్గర డ్రైవరు తప్ప ఎవరూ మిగల్లేదు.

కమిషనరు మైకు వైరులో కాలు చిక్కుకుని, గేటు దాకా దాన్ని ఈడ్చుకుంటూ పోయాడు. "అపశ్రుతి... సదరు గృహం యొక్క అర్హత... తమరి బదిలీ..." అని ముక్కలు ముక్కలుగా వినిపించింది. పోతూ పోతూ బోర్డు పీకించుకుపోయాడు. వ్యాను కదిలింది. వీధి మలుపు తిరిగాక దాని చప్పుడు కూడా పోయింది.

గోవిందరాజులు వంటింట్లోకి వెళ్ళి, తనే కాఫీ కలిపి, రెండు గ్లాసులు పట్టుకొచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. రెండు ముఖాలూ కరివేపాకు చెట్టు వైపే ఉన్నాయి. చాలాసేపయ్యాక ఆయనే మెల్లగా అన్నాడు.

"బదిలీ ఖాయం అమ్మాజీ. వసతి లేదంటన్నారు."

"వసతి మనం చూసుకుందాం లెండి. ఇద్దరం పోదాం" అంది. కాఫీ ఓ గుక్క తాగింది. నాలిక నోట్లో ఓసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏదో చెప్పాలని ఉన్నట్టు మొగుడి వంక చూసి, ఆగి, మళ్ళీ చూసింది.

"ఇందులో ఇంత సుఖం ఉందని తెలిత్తే" అంది, "మిమ్మల్ని మానిపించేదాన్నే కాదండి."